డబ్బా అడుగున మా మామ పేరు

మొన్న కడపలో కంటి ఆసుపత్రికి మా మేనమామను తీసుకుపోయినప్పుడు, గోడ మీది తెరలో టోకెన్ల వారీగా పేర్లు వస్తుంటే అందరూ కూర్చున్నచోటి నుంచే తలెత్తి చూస్తున్నారు గానీ, ఆయన మాత్రం లేచి దగ్గరికి వెళ్ళి, ఆ పేర్ల చుట్టూ ఉన్న చట్రం కింది అంచు దగ్గర మెడ వంచి, అక్కడ ఇంకేమైనా దాక్కుని ఉందేమోనన్నట్టు చూశాడు. పక్కనున్న ఇద్దరు ముగ్గురు నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు, ఆ అలవాటు ఆయనకు నా వల్ల వచ్చిందే.

కంప్యూటరు పని అంటే హైదరాబాదుకో బెంగళూరుకో పోవాలనుకునే రోజులు నా తరం వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. నేను మాత్రం కమలాపురం నుంచి రోజూ బస్సులో వచ్చి, కడపలో ఒక బట్టల కొట్టు పైన రెండు గదుల ఆఫీసులో వెబ్ పేజీలు కట్టేదాన్ని. అందులో నాకు అప్పగించిన పని, పేజీలో అక్షరాలూ బొమ్మలూ కూర్చునే డబ్బాలు చేయడం. కంటైనర్ అని పేరు పెద్దదే గానీ అది ఒట్టి డబ్బా. లోపల ఏం పెడతారో దానికి తెలియదు, పెట్టినదాన్ని చక్కగా పట్టుకుని ఉండటమే దాని ఉద్యోగం. ఒకసారి బాగా కడితే అదే డబ్బాను పది పేజీల్లో వాడుకోవచ్చు, తప్పుగా కడితే పది పేజీల్లోనూ అదే తప్పు. ఈ రెండో ముక్క నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే వయసు కాదనుకోండి.

మా ఆఫీసు పెద్దాయనకు డబ్బాలన్నీ ఒకే ఎత్తులో, నాపరాళ్ళు పరిచినట్టు ఉండాలి, పక్కన పైకీ కిందికీ జరిపే స్క్రోల్ పట్టీ కనబడితే ముఖం చిట్లించేవాడు. అందుకని నేను ఎత్తు బిగించేసి, పట్టనిదాన్ని కనబడకుండా కత్తిరించమని రాసి, ఇంగ్లీషులో ఎనిమిది పేర్లు పెట్టి చూసుకుని మురిసిపోయాను. ఆ డబ్బానే ఎర్రగుంట్లలో ఒక లారీల ఆఫీసు పేజీలో పెట్టారు. సిమెంటు లోడుకు విడతకు ఎనిమిది మందిని పిలిచేవారు. అంతకుముందు గుమాస్తా గేటు దగ్గర నిలబడి పేర్లు అరిచేవాడు, గోడకు తెర వచ్చాక అరవడం మానేశాడు. పేరు చూసుకోనివాడు వరుస చివరికి పోవలసిందే.

మా మామ ఆ లారీల్లో ఒకదానికి డ్రైవరు. ఒక శనివారం పొద్దున లోడెత్తుకుని, డోన్‌లో దించేసి, ఆదివారం కమలాపురం చర్చిలో బిడ్డ బాప్తిస్మానికి అందుకోవాలనుకున్నాడు. పెండ్లయిన తొమ్మిదేళ్ళకు పుట్టిన పిల్ల. ఆదివారం పాస్టరుగారు చాలాసేపు కాచుకున్నారు, చివరికి మా నాయనే ఆ పిల్లను ఎత్తుకుని మామ నిలబడవలసిన చోట నిలబడ్డాడు. బిడ్డ కంటే లోడు ఎక్కువైందా అని మా అమ్మ తమ్ముణ్ణి తిట్టని తిట్టు లేదు. నేనూ తలూపాను, అదీ నా తెలివి.

సోమవారం ఆయన మా ఆఫీసుకు వచ్చి, శనివారమంతా తెర ముందరే కూర్చున్నానని, పేరు రానే లేదని, ఆదివారం గానీ లోడు దొరకలేదని నాతో చెప్పాడు. ఆ తెరలోది నా డబ్బా. వెంటనే బస్సెక్కి ఎర్రగుంట్ల పోయి చూశాను. అక్కడ పేర్లు తెలుగులో పెట్టారు, ఒత్తులూ గుడులూ ఉన్న మన అక్షరాలకు ఎక్కువ ఎత్తు కావాలి గనుక డబ్బాలో ఏడు పేర్లే నిండుగా కనబడుతున్నాయి, ఎనిమిదో పేరుకు తలకట్లు మాత్రం అంచు మీద గీతల్లా మిగిలాయి. గుమాస్తా పుస్తకంలో శనివారం పొద్దుటి విడతలో ఎనిమిదో పేరు మా మామది. అంతకుముందు విడతల్లో ఎనిమిదో వాళ్ళు లేరా అంటే ఉన్నారు, తామే సరిగా చూసుకోలేదనుకుని మారు మాట్లాడకుండా వరుస చివరికి పోయారు.

దిద్దడానికి నేను రాసినదాంట్లో ఒక్క పంక్తి మారిస్తే చాలింది, ఎత్తు ఇంతే అనకుండా లోపల ఎంతుంటే అంత పెరగమని. ఆ సాయంత్రం మామతో ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆయన, "నేను యాడికీ పోలేదమ్మా, ఆడనే ఉంటిని. డబ్బా చేసేదానివి, అడుగున ఎవరన్నా ఉండారేమో వంగి చూసుకోవల్ల గదా" అన్నాడు. అంతే. ఇంట్లో మాత్రం లోడు ఆలస్యమైందనే చెప్పాడు. మా అమ్మ పోయేవరకూ ఆ బాప్తిస్మం సంగతి ఎత్తి ఆయన్ను దెప్పుతూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు, నేనూ నోరు విప్పలేదు. సిగ్గుపడుతూనే ఇప్పుడు రాస్తున్నాను.

ఈ రోజుల్లో మా ఆఫీసు పిల్లలు డబ్బాలు కట్టుకోనక్కరలేదు, అడిగితే యంత్రమే నిమిషంలో కట్టి ఇస్తుంది. బాగానే కడుతుంది, వంక పెట్టలేను. మావి వంకర డబ్బాలే గానీ, వాటిలో పేర్లున్న మనుషులు ఏ బస్సెక్కితే కనబడతారో మాకు తెలిసేది, ఇప్పుడు ఆ పేర్లు ఎవరివో ఎవరికీ తెలియదు. బాప్తిస్మం ఫోటో మామ ఇంట్లో ఇంకా గోడకే ఉంది, అందులో పిల్లను ఎత్తుకున్నది మా నాయనే.

మొన్న ఆసుపత్రి తెరలో మా మామ పేరు అన్నిటికంటే పైన, స్పష్టంగానే ఉంది. అది చూసుకున్నాకే ఆయన లేచి కింది అంచు దగ్గరికి పోయాడు.