డార్విన్ హుబ్నర్ వేళ్ళు

డార్విన్ హుబ్నర్ లాంటి వెర్రిబాగులవాడు నెబ్రాస్కా అంతా గాలించినా దొరకడు. నూట ముప్ఫై అయిదు కిలోల మనిషి, పందులు పెంచే ఇంటివాడు. ఎవరూ పిలవకపోయినా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో తనే వచ్చి చేరి, మూడేళ్ళు బెంచీ మీదే కూర్చున్నాడు. నేనూ అంతే. ఇద్దరిదీ ఒకే గది. చివరి ఏడాది కుడి గార్డు స్థానం ఖాళీ అయింది. ఉన్నది ఒక్కటే, కావలసింది ఇద్దరికి. శనివారం పోటీ పెట్టి పేరు చెబుతానన్నారు కోచ్ బ్రాంట్.

గార్డు పనల్లా బంతి విసిరే తన క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎవణ్ణీ రానివ్వకపోవడం, బంతి పట్టుకుని పరుగెత్తేవాడికి దారి చెయ్యడం. వంగి, ఒక చెయ్యి నేలకానించి సిద్ధంగా ఉండాలి. బుధవారం సాధనలో నా వంతు కోసం పక్కన నిలబడి చూస్తుంటే కంటపడింది. ముందుకు దూకాల్సి వస్తే డార్విన్ బరువంతా ఆ చేతి మీద పడి వేళ్ళ కొసలు తెల్లబడుతున్నాయి. వెనక్కి తగ్గి కాపు కాయాల్సి వస్తే ఎర్రగానే ఉంటున్నాయి. ఎదుటివాడికి అది చాలు, ఏం జరగబోతోందో ముందే తెలిసిపోతుంది. సాధనలో ఎదుటి వరసలో ఆడే మా జట్టు టైరీ అప్పటికే పసిగట్టాడు. నా వంక చూసి కన్ను గీటాడు కూడా.

చెబితే రెండు రోజుల్లో సరిదిద్దుకుంటాడు. చెప్పకపోతే స్థానం నాది. రాత్రి భోజనాల దగ్గర వాడి వంకే చూస్తూ కూర్చున్నాను.

"ఏంట్రా కెల్సో, అలా చూస్తున్నావ్? మూతికేమైనా అంటిందా?" అన్నాడు డార్విన్, చిల్లీ అనే మాంసం కూరలో దాల్చినచెక్క రొట్టె ముంచుకుంటూ.

"నీ మొహం అంటింది. నోర్మూసుకుని తిను."

"నువ్వు గెలిస్తే ఏడవన్లేరా. మా అక్కకి మాత్రం ఏం చెప్పాలో తెలీట్లేదు. జట్టులో నా పేరుంటే సెలవు పెట్టి ఆట చూడ్డానికి వస్తానంది."

శనివారం ఎనిమిది సార్లు ఎదురుపడితే, ఆరు సార్లు టైరీ వాణ్ణి తప్పించుకు దూసుకుపోయాడు. క్వార్టర్‌బ్యాక్ రెండుసార్లు వెల్లకిలా పడ్డాడు.

"హుబ్నర్! నిద్రపోతున్నావా? గాడిదొచ్చినా ఆపలేవు నువ్వు!" కోచ్ గొంతు మైదానమంతా మోగింది.

తర్వాత నేను దిగాను. టైరీని ఏడు సార్లు ఆపాను. పేరు నాదే వచ్చింది.

బట్టలు మార్చుకునే గదిలో డార్విన్ నన్ను ఎముకలు విరిగేలా కౌగిలించుకున్నాడు. "సాధించావురా! అది సరే, ఆ టైరీగాడు నాకన్నా ముందే ఎలా కదులుతున్నాడ్రా? పక్కనుంచి చూశావుగా, నాలో లోపమేంటో చెప్పు."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. కోచ్ మనసు మార్చుకుంటారేమోనని హడలిపోయాను.

"కాళ్ళురా. నీ కాళ్ళు నెమ్మది," అన్నాను. ఛీ, ఏం బతుకు!

మర్నాడు పొద్దున్నే డార్విన్ స్టేడియం మెట్లెక్కడం మొదలుపెట్టాడు. నవంబరు దాకా, మంచు పడ్డా మానలేదు. నేను సాధనకు వస్తుంటే పై మెట్టు మీద నుంచి రొప్పుతూ చెయ్యి ఊపేవాడు.

"చూడరా కెల్సో, కాళ్ళకి వేగం వచ్చిందా?"

"వచ్చిందిరా," అనేవాణ్ణి.