పన్నెండో చొక్కా ముక్క

మా డెల్మర్ పెదనాన్న పక్కన కూర్చుని సినిమా చూడటం కంటే పన్ను పీకించుకోవడం నయం. తెర మీద హీరో గోడచాటు నుంచి ఢాం ఢాం అని కాలుస్తుంటే మనం ఊపిరి బిగబట్టి కూర్చుంటాం. పక్కనుంచి లెక్క మొదలవుతుంది. "ఏడు... ఎనిమిది... ఒరేయ్, ఆ రివాల్వర్‌లో పట్టేవే ఆరురా! వీడు మళ్లీ ఎప్పుడు నింపాడు?" మనవరాలు పుట్టిన రోజు ఎవరో బరువెంత అని అడిగితే "నలభై తొమ్మిది వేల గ్రెయిన్లు" అన్నాడు. తూటాల్లో మందు తూచే కొలత అది. ఆర్లీన్ పెద్దమ్మ ఆస్పత్రి వరండాలోనే నెత్తి కొట్టుకుంది.

మా పెన్సిల్వేనియా కొండల్లో తుపాకీ లేని ఇల్లు ఉండదు, నిజమే. కానీ స్కూలు బస్సు తోలుకునే మనిషికి ఇరవై మూడు రైఫిళ్లు ఎందుకో దేవుడికే తెలియాలి. పెద్దమ్మ లెక్కలో అవి తొమ్మిదే. మిగతావి ఎవరో ఫ్రెండు బాగుచెయ్యమని ఇచ్చినవట. ఆ ఫ్రెండు మొహం ఇరవై ఏళ్లుగా ఎవరూ చూడలేదు.

ఇన్ని ఉండి ఏం లాభం? పదకొండేళ్లుగా ఒక్క దుప్పి పడలేదు. మా వేట క్యాంపులో ఒక పద్ధతుంది. దుప్పి మీద పేల్చి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచుని ఆ సాయంత్రం అందరి ముందూ కత్తిరించి, పేరూ తేదీ రాసి గోడకి కొడతారు. ఆ గోడ మీద పదకొండు ముక్కలు మా పెదనాన్నవే. కలిపి కుడితే ఒక దుప్పటి అవుతుంది. మా తాతది మాత్రం ఒక్కటీ లేదు. ఆ సంగతి పెదనాన్నకి ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు.

ఈ ఏప్రిల్‌లో తాత పోయాడు. ఆయన ఎర్ర నల్ల గళ్ల ఉన్ని చొక్కా పెదనాన్నకొచ్చింది. వేట మొదలయ్యే రోజు అదే వేసుకుంటానన్నాడు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఒకే మాట చెప్పింది: "అది మీ నాన్నది. దానికి కత్తెర తగిలిందా, నువ్వూ నీ తొమ్మిది తుపాకులూ గరాజ్‌లోనే కాపురం."

ఆ పొద్దున్న క్యాంపులో గోధుమ అట్లు తింటూ కూడా పెదనాన్న మూడోసారి రైఫిల్ మార్చాడు. తాత స్నేహితుడు వర్జిల్, ఎనభై దాటిన మా క్యాంపు పెద్ద, చూసి చూసి విసిగిపోయాడు.

"ఒరేయ్ డెల్మర్, తలుపు మీద మీ నాన్న తుపాకీ ఉంది కదరా. అది పట్టుకుపోరాదూ?"

"దాని గురిచూసే సైటు వెంట్రుకవాసి ఎడమకుంది బాబాయ్. ముప్పై ఏళ్లుగా మొత్తుకుంటున్నా, వినేవాడేడీ?"

"దాంతోనే మీ నాన్న ఏటా కొట్టాడు."

"అదే నా ఏడుపు!"

కొండ ఎక్కాం. వెలుగొచ్చింది. పెదనాన్న సొంతంగా చేసుకున్న తూటాల డబ్బా తెరిచి, ఒకటి తీసి రైఫిల్‌లో పెట్టాడు. దిగలేదు. రెండోది పెట్టాడు. అదీ దిగలేదు. డబ్బా మీద చీటీ చదివాను. మందు బరువు, గాలిలో తేమ, ఇత్తడి గొట్టం పొడవు, చేసిన రోజు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి. ఏ తుపాకీవో ఒక్కటే లేదు.

"ఆ ఒక్క ముక్కా రాయలేకపోయావా పెదనాన్నా?"

"చూస్తే తెలుస్తుందిగా అనుకున్నారా!"

"చూశావుగా, తెలిసిందా?"

తిట్టడానికి నోరు తెరిచి అలాగే ఆగిపోయాడు. నలభై అడుగుల దూరంలో, ఎనిమిది చీలికల కొమ్ములతో మగదుప్పి మమ్మల్నే చూస్తూ నిలబడింది. గప్‌చుప్‌గా నా రైఫిల్ ఆయన చేతిలో పెట్టాను. ఆయన దుప్పిని చూడలేదు. గొట్టాన్ని చూశాడు.

"ఎప్పుడు తుడిచావురా దీన్ని?"

"పెదనాన్నా, అటు చూడు!"

"తుప్పురా! ఈ స్కోపుకి టేపు చుట్టావా? నువ్వు మనిషివేనా?"

జేబురుమాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. పాపం, దుప్పి ఓపిగ్గా నిలబడింది. ఆయన తుడిచి, భుజానికెత్తి, గురిపెట్టి పేల్చేసరికి దాని పక్కనున్న చెట్టుకొమ్మ విరిగిపడింది. దుప్పి తెల్లతోక ఎత్తి మాయమైంది.

"ఈ స్కోపు గురి ఎప్పుడు సరిచేశావు?"

"ట్రక్కు మీంచి పడ్డాక... చెయ్యలేదు."

తిడతాడనుకున్నా. మొద్దు మీద కూలబడ్డాడు. "నాన్న చొక్కారా," అన్నాడు, అంతే.

"పేల్చింది నేనని చెప్తాలే. ఎవరు చూశారు?"

"నొక్కింది నేను."

సాయంత్రం వర్జిల్ కత్తెర తీసుకొచ్చాడు. క్యాంపంతా ఈలలు. పెదనాన్న వెనక్కి తిరిగి, ప్యాంటులోంచి చొక్కా అంచు పైకి లాగాడు. అక్కడ ఎర్ర నల్ల గళ్లు లేవు. నీలం గుడ్డతో జానెడు అతుకుంది.

"పురుగు కొడితే అమ్మ వేసింది," అన్నాడు పెదనాన్న.

"పురుగు కాదురా, నేను," అన్నాడు వర్జిల్. పొయ్యి వెనక నుంచి పాత కాఫీ డబ్బా తీసి, అందులోంచి ఎర్ర నల్ల గళ్ల ముక్కొకటి బయటికి లాగాడు. దాని మీద తాత పేరుంది. "గోడకి కొట్టొద్దని బతిమాలాడు. అప్పుడు నీకు ఆరేళ్లు. మా నాన్న గురి తప్పడని ఊరంతా చెప్పుకుని తిరిగేవాడివి. ఆయన బతికుండగా బయటపెట్టనని మాటిచ్చా."

ఎవరూ నవ్వలేదు. ఏడుస్తాడేమోనని నేను పెదనాన్న మొహంలోకే చూస్తున్నా.

"ఏ తుపాకీతో?" అన్నాడు.

వర్జిల్ తలుపు మీదికి చూపించాడు.

"తూటా ఎటు పోయింది?"

"ఎడమకి."

"చెప్పానా!" పెదనాన్న కుర్చీ ఎక్కి ఆ తుపాకీ దించేశాడు. "ముప్పై ఏళ్లురా! ఆయనకీ తెలుసన్నమాట! తెలిసీ నన్ను వెర్రివాణ్ణి చేశాడు!"

ఆయన కుర్చీ మీద నిలబడి అరుస్తుండగానే వర్జిల్ వెనకనుంచి ఆ నీలం అతుకు కత్తిరించేశాడు. రెండు ముక్కలూ పక్కపక్కన గోడకెక్కాయి.

"పెద్దమ్మకి ఏం చెబుతావ్?" అన్నాను.

"కత్తెర చొక్కాకి తగల్లేదురా, అతుక్కి తగిలింది," అన్నాడు, సైటు దగ్గర కన్ను పెట్టి. నడుం మీద చొక్కా తెరుచుకుని చలిగాలి కొడుతోంది, పట్టించుకోలేదు. "ఆ సన్న స్క్రూడ్రైవర్ ఇటివ్వు. నీ తుప్పు తుపాకీ కూడా పట్రా, ఏబ్రాసి వెధవా."