వాయిదాకు అమ్మిన దుప్పట్లు

పోడు భూముల కోసం కోర్టుకెక్కిన గూడేలకు వకీలు ఫీజు కట్టడం మా మిత్రబృందం పని. ఇల్లందు గనుల్లోనూ సారపాక మిల్లులోనూ పనిచేసేవాళ్ళు జీతంలోంచి ఇంత తీసిచ్చేవాళ్ళు. కాంట్రాక్టు పనులు పోయాక ఆ చందాలూ ఆగిపోయాయి. ఇల్లిల్లూ తిరిగాను. ఎక్కడ అడుగుతానోనని కొందరు నా ఫోనెత్తడం మానేశారు.

చివరికి ఖమ్మంలో ఒక వ్యాపారి దగ్గరికి వెళ్ళాను. "కేసులకైతే పైసా ఇయ్య. దుప్పట్లంటే చెప్పు, లారీ పంపిస్త," అన్నాడు. ఇంకోసారైతే లేచి వచ్చేసేవాణ్ణి. ఆ రోజు తలూపాను. గూడెం ఆడవాళ్ళకు దుప్పట్లిస్తూ అతను ఫొటోలు దిగుతుంటే, పక్కన పళ్ళికిలించుకుని నిలబడ్డాను కూడా.

వాయిదా రోజు, ఫీజు లేదని వకీలుకు ఎలా చెప్పాలో తెలియక భద్రాచలం కోర్టు దగ్గర తచ్చాడుతున్నాను. గూడెం ఆడవాళ్ళు అప్పటికే వచ్చి ఉన్నారు. వాళ్ళలో పెద్దావిడ కొంగుముడి విప్పి, నలిగిన నోట్లు నా చేతిలో పెట్టింది.

"దుప్పట్లు సంతల అమ్మినం సారూ. మాకు బస్సు ఫ్రీనే గని, వకీలు ఫ్రీ గాదు గద!"

అంతలోనే వ్యాపారి ఫోన్. "నా దుప్పట్లు సంతల అమ్ముకున్నరంట! ఇగ నా గడప తొక్కకు," అని పెట్టేశాడు. ఫోను జేబులో పెట్టుకుని, ఆ నలిగిన నోట్లు తీసుకెళ్ళి వకీలుకిచ్చాను.

కేసు మళ్ళీ వాయిదా పడింది. మెట్లు దిగుతూ పెద్దావిడ నా పక్కకు వచ్చింది.

"వచ్చే వాయిదా ఎండాకాలంల గద సారూ. అయినా సరే, ఆ సేటును దుప్పట్లే ఇయ్యమను."