మనిషెత్తు మిగిల్చిన కొండ

అరవైల మొదట్లో నేను అనంతపురంలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా ఉండేదాన్ని. హిమాలయాల్లో ఒక మంచుకొండ ఎక్కడానికి ఆడటీచర్లను పంపాలని ఒకరోజు పైనుంచి కాగితం వచ్చింది. కాగితం వచ్చిందంటే ఎవరో ఒకరు పోవాల్సిందే. మిగతా టీచర్లకు మొగుళ్ళు, పిల్లలు, అత్తలు ఉన్నారు. నాకు డ్రిల్లు బూట్లు ఉన్నాయి. అదీగాక, అంతకుముందు ఏడాది పిల్లలను విహారయాత్రకు తీసుకుపోయి కుందుర్పి కోటకొండ ఎక్కించి, అందరినీ క్షేమంగా దింపుకొచ్చాను. హెడ్మిస్ట్రెసమ్మ ఆ సంగతినే "పర్వతారోహణలో అనుభవం కలదు" అని రాసి పంపింది. నన్ను ఎంపిక చేశారు.

మాది పామిడి. మా నాయనది దూది ఏకే పని. పరుపులు, దూది కోట్లు కుట్టేవాడు. మేం ముస్లిములమే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూలో నాకు బాగా వచ్చినవి మా మామ తిట్లు మాత్రమే. అయినా పై అధికారులు నా పేరు చూసి, ఈమెకు హిందీ బాగా వచ్చి ఉంటుంది, అక్కడ పనికొస్తుంది అనుకున్నారట.

ఆదివారం ఊరికి పోయి నాయనకు సంగతి చెప్పాను. ఆయన దూది విల్లు పక్కన పెట్టి, మీసాల మీద దూది తుడుచుకున్నాడు.

"ఆ కొండ మీద ఏముండాది?"

"ఏమీ లేదు నాయనా. మంచు."

"గుడి?"

"లేదు."

"దర్గా?"

"లేదు."

"మేకలన్నా మేస్తాయా?"

"గడ్డి గూడా మొలవదంట."

"ఏమీ మొలవని కొండ చూసేకి అంత దూరం రైల్లో పోవల్నా పాపా? వాకిట్లో నిలబడితే కనపడతాది గదా."

గవర్నమెంటు పంపిస్తోందని చెప్పాను. ఆయన మళ్ళీ విల్లు అందుకున్నాడు. గవర్నమెంటు చేసే పనులకు కారణం అడగడం ఆయన ఎప్పుడో మానేశాడు.

మా మామ మాత్రం ఊరుకోలేదు. మా అమ్మకు తమ్ముడు, మా ఇంటి పరువుకు తనకు తానే కావలివాడు. కొండ ఎక్కేవాళ్ళందరినీ ఒకే తాడుకు కడతారని ఎక్కడో విన్నాడు.

"పెండ్లి గాని పిల్ల ప్యాంటు తొడుక్కొని, పరాయి మగోళ్ళతో తాడు కట్టుకొని తిరుగుతాదా?" అన్నాడు.

"తాడు కట్టినాంక తిరిగేదేముండాదిరా, యాడికి పోతాది?" అన్నాడు నాయన.

ఆ మాటతో వాదన ముగిసింది. నాయన నాకోసం మోకాళ్ళ దాకా వచ్చే దూది కోటు ఒకటి కుట్టాడు. మంచి దూది, దగ్గరి కుట్టు. మండుటెండలో తొడిగించి, అటు తిరుగు, ఇటు తిరుగు అని చూసుకున్నాడు. ఆయనకు తృప్తి కలిగింది. నాకు కళ్ళు తిరిగాయి.

బయలుదేరే ముందు మా జిల్లాలోని ఒక పంచాయతీ సమితి ప్రెసిడెంటు నన్ను ఇంటికి పిలిపించాడు. కుందుర్పి దగ్గర బాగా భూమి ఉన్న ఇంటివాడు. భూమి చాలా ఉంది, దాన్ని తడిపేందుకు నీళ్ళు లేవు, కాబట్టి రాజకీయాల్లో ఉన్నాడు. నాకు కాఫీ ఇప్పించి, పంచె అంత పొడుగున్న తెల్లగుడ్డ ఒకటి చేతికిచ్చాడు. దానిమీద ఎర్ర అక్షరాలతో, "మా తాలూకాకు కాలువ నీళ్ళు కావలెను" అని రాసి ఉంది.

"కొండ మీద దీన్ని పట్టుకొని ఫోటో తీపిచ్చుకో టీచరమ్మా. మేము ఎన్ని అర్జీలు పెట్టినా ఢిల్లీలో ఎవురూ తల ఎత్తి చూళ్ళేదు. అంత ఎత్తున పెడితే చూడక యాడికి పోతారు?" అన్నాడు.

ఆయన హాస్యమాడటం లేదు. గుడ్డను మడిచి సంచిలో పెట్టుకున్నాను.

రైళ్ళు మారి, బస్సులు మారి, చివరికి నడిచి, వేరే ఊళ్ళనుంచి వచ్చిన ఆడటీచర్లతో కలిసి కొండ కింద గుడారాలకు చేరాను. మాకు దారి చూపే షేర్పా నడివయసు మనిషి. మొదటిరోజే అందరి సామాన్లూ చూశాడు. నా దూది కోటును అటూ ఇటూ తిప్పి, చాలా గౌరవంగా పక్కన పెట్టి, బాతు ఈకలు కూరిన కోటు ఒకటి ఇచ్చాడు. అది ఊదితే ఎగిరిపోయేలా ఉంది. నాకు నమ్మకం కలగలేదు. మా నాయన పనితనం మీద పట్టుదలతో ఆ సాయంత్రం దూది కోటే తొడుక్కొని తిరిగాను. మంచు కురిసి తడిసింది. గుడారం బయట ఆరేశాను. తెల్లారి చూస్తే గడ్డకట్టి, చేతులు చాచి, మనిషి ఆసరా లేకుండా తనంతట తాను నిలబడి ఉంది. షేర్పా దానికి సలాం కొట్టి, నాకు ఈకల కోటు తొడిగించాడు.

ఆ తర్వాత రోజుల్లో మమ్మల్ని తాళ్ళకు కట్టి, బూట్ల కింద ఇనుప ముళ్ళు బిగించి, మంచులో ఎలా నడవాలో, జారితే గొడ్డలి ఎలా గుచ్చాలో, తాడును ఒంటికి చుట్టుకొని ఎలా దిగాలో నేర్పాడు. ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువసార్లు చేయించాడు. ఎందుకని అడిగితే, "ఎక్కలేనివాళ్ళు ఇంటికి పోతారు దీదీ, దిగలేనివాళ్ళు ఇక్కడే ఉండిపోతారు" అన్నాడు. ఇదంతా హిందీలో. నా ఉర్దూతో నేనేమైనా అడగబోతే అది తిట్టులాగే వినపడేదేమో, ఆయన ముందు బిత్తరపోయి, తర్వాత నవ్వేవాడు.

కొండ ఎక్కిన రోజు గురించి జనం నన్ను ఎన్నోసార్లు అడిగారు. హిమాలయాలు ఎలా ఉంటాయి అని. నాకు తెలిసిన హిమాలయం ఒక బూటు మడమ. తాడు మీద షేర్పా వెనక మనిషిని నేనే. అంచుమీద నడిచేటప్పుడు పక్కకు చూసి నేను ఆగిపోతే, "పైకి చూడకు, కిందికి చూడకు, నా మడమ చూడు" అన్నాడు. చూశాను. ఒకచోట కాలు జారి నడుం దాకా మంచులోకి దిగబడ్డాను. కాళ్ళ కింద ఏమీ తగల్లేదు, చల్లటి ఖాళీ. అరవడానికి కూడా ఊపిరి లేదు. తాడు బిగిసింది. ఆయన తొందరపడకుండా, మొండి ఆవును కొట్టంలోంచి లాగినట్టు లాగాడు. దానికన్నా ఆశ్చర్యం దాహం. చుట్టూ కనుచూపు మేర నీళ్ళే, గడ్డకట్టి ఉన్నాయి. తాగేందుకు గుక్కెడు కావాలంటే స్టవ్వు వెలిగించి కరిగించుకోవాలి. అనంతపురంలో కూడా నేను అంత నోరెండి ఎన్నడూ ఉండలేదు.

చివరికి ఒకచోట మడమ ఆగింది. తల ఎత్తాను. ముందు మనిషెత్తున మంచు గుట్ట ఉంది, దాని పైన ఆకాశం.

"అయిపోయింది" అన్నాడు షేర్పా.

"ఇంకా ఉంది కదా" అన్నాను.

"అది దేవుడి చోటు. ఆయన నెత్తిమీద మనం నిలబడం."

ఇంత దూరం వచ్చి ఆగిపోవడమా అని ఒకామె ఏడ్చింది. షేర్పా ఆమెకు కరిగిన నీళ్ళు ఇచ్చాడు గాని పక్కకు జరగలేదు. నాకు కోపం రాలేదు. కాళ్ళు చాలా సంతోషించాయి.

సంచిలోంచి గుడ్డ తీశాను. షేర్పా ఒక కొస పట్టుకుని, ఏమి రాసి ఉందని అడిగాడు. నీళ్ళు కావాలని రాశారన్నాను. ఆయన చుట్టూ ఉన్న మంచును చూశాడు, నన్ను చూశాడు.

"ఎవరిని అడుగుతున్నారు?"

"ఢిల్లీ వాళ్ళను."

"వాళ్ళు ఇటు రారు దీదీ" అన్నాడు. అయినా కొస వదల్లేదు. గాలికి గుడ్డ మెలిపడింది. ఫోటో తీశారు.

ఆ ఫోటో నాకంటే ముందే అనంతపురం చేరింది. దాన్లో కనుబొమల దాకా టోపీ, మూతి మీద గుడ్డ, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకున్న మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. మధ్యలో మెలిపడిన గుడ్డ. దానిమీద "కావలెను" అన్న ఒక్క మాట మాత్రం చక్కగా కనబడుతోంది.

సన్మానసభ పెట్టారు. ఆ ఏడాది వానలు లేవు. చేన్లలో పని లేనందున జనం బాగా వచ్చారు. ప్రెసిడెంటు మైకు ముందు నిలబడి, మన టీచరమ్మ కొండ కొనమీద కాలు పెట్టిందని చెప్పాడు. నేను పక్కనుంచి మెల్లగా, షేర్పా మమ్మల్ని మనిషెత్తు కింద ఆపినాడని చెప్పాను.

ఆయన మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "మనిషెత్తు కోసం ఆగితే ఎట్లమ్మా? ఆపేకి ఆ మనిషి ఎవురు?"

"కొండ వాళ్ళది."

"సరే, ఎవురికీ చెప్పాకు."

నా వంతు వచ్చినప్పుడు చెప్పేశాను. సభ చర్చలోకి దిగింది. "మనిషెత్తంటే పొడుగు మనిషా, పొట్టి మనిషా?" అని వెనకనుంచి ఒకాయన అడిగాడు. "దేవుని నెత్తిన కాలు పెట్టకపోవడమే మేలు" అన్నారు కొందరు. "అదంతా ఉత్తది, పాపకు శాతకాలేదు" అన్నారు మరికొందరు. ఆ "కావలెను" ఏమిటని ఎవరో అడిగితే ప్రెసిడెంటు లేచి, అడగాల్సినవి చాలా ఉన్నాయి గనుక అన్నిటికీ కలిపి ఒకే మాట పెట్టించానని చెప్పాడు. దానికి మాత్రం అందరూ చప్పట్లు కొట్టారు.

పామిడిలో మామ ఫోటోను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"దీన్లో నువ్వు యాడుండావు?"

"ఇదో, ఈ మనిషి."

"ముఖం కనపళ్ళేదే."

"చలికి కప్పుకోవల్ల మామా."

"కండ్లు గూడా కనపళ్ళేదు. మర్యాదగానే ఉండాది" అని ఫోటోకు అద్దం కట్టించి తన ఇంట్లోనే తగిలించుకున్నాడు. మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ బురఖా వేసింది లేదు. మా వంశంలో పూర్తిగా ముసుగులో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషిగా నేను ఆ గోడమీద మిగిలాను.

నా సాహసాన్ని పైవాళ్ళు కూడా గుర్తించారు. కష్టమైన చోట్లకు తట్టుకుంటుందని విడపనకల్లుకు బదిలీ చేశారు.

అక్కడ ఇంకో రెండేళ్ళకు కరువు బాగా ముదిరింది. ఎండిన బావులను ఇంకా లోతుకు తవ్వుతున్నారు. ఒక మధ్యాహ్నం పక్క ఊరినుంచి ఇద్దరు మనుషులు సైకిళ్ళ మీద బడికి వచ్చారు. బావిలో దిగిన మనిషి మీద గట్టు విరిగిపడింది, కాలు విరిగి అడుగున ఉన్నాడు, మళ్ళీ మట్టి పడుతుందని ఎవరూ దిగడం లేదు అన్నారు.

"నీకు తాడు పని తెలుసంట గదా టీచరమ్మా."

"నేను నేర్చింది కొండెక్కేకి అప్పా."

"తాడు తాడే గదా" అన్నాడు పెద్దవాడు.

పోయాను. గట్టు దగ్గర నిలబడి లోపలికి చూశాను. మంచులో దిగబడ్డప్పుడు కాళ్ళ కింద తగిలిన ఖాళీ గుర్తొచ్చింది. అయినా ఒక మోకును చింతచెట్టుకు కట్టించి ఒంటికి చుట్టుకున్నాను. ఇంకో మోకు నడుముకు కట్టుకుని, దాన్ని బావి గిలక మీదుగా మెల్లగా వదలమని గట్టిమనుషులకు ఇచ్చాను. చీర కట్టులో షేర్పా చెప్పినట్టు దిగడం అంత తేలిక కాదు. కొంగు బిగించి, గోడకు ఆనకుండా దిగాను. దిగుతుంటే మట్టి నెత్తిమీద రాలుతోంది.

అడుగున చీకట్లో ఆ మనిషి మూలుగుతున్నాడు.

"ఎవురు?" అన్నాడు.

"టీచరమ్మను."

"టీచరమ్మకు ఈడేం పని?"

అతని కాలి మీది రాళ్ళు తీసి, నా కొంగు చింపి, పారకట్టెకు కాలు కట్టాను. నా నడుముకున్న మోకు విప్పి, దాంతో అతని తొడలకూ చంకలకూ ఉచ్చులు వేసి పైకి కేక పెట్టాను. అతన్ని గిలక మీద లాగుతుంటే మళ్ళీ కొంత గట్టు విరిగి నా పక్కన పడింది. గోడకు అతుక్కుని కళ్ళు మూసుకున్నాను. అక్కడ చూసేందుకు ఎవరి మడమా లేదు. తర్వాత మోకు మళ్ళీ కిందికి వచ్చింది.

పైకి వచ్చేసరికి అతన్ని బండిలో పడుకోబెట్టి ఉన్నారు. కాలు వంకరగానే అతుక్కున్నా, ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. నాకు కూర్చోవడానికి మంచం వేశారు. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఒక ముసలామె నా చేతులు రెండూ పట్టుకుంది. దీవిస్తుందనుకున్నాను. ఆమె అరచేతులు తిప్పి, వేళ్ళ సందులు కూడా పరీక్షగా చూసింది.

"అడుగున తేమేమన్నా తగిలెనా తల్లీ?"

"లేదవ్వా. పొడిగానే ఉండాది."

చేతులు వదిలేసి, "ఇంగా లోతుకు పోవల్ల" అని మగవాళ్ళతో అంది. వాళ్ళూ అదే అనుకుంటున్నారు. తర్వాతి వారం గట్టుకు రాళ్ళు కట్టి మళ్ళీ తవ్వడం మొదలుపెట్టారు. దిగే మనిషికి తాడు సరిగ్గా కట్టారో లేదో చూసి పొమ్మని నాకు కబురు పంపారు. బడి విడిచాక పోయి, ముడి విప్పి, మళ్ళీ కట్టించి వచ్చాను.