నెయ్యి పడని విస్తరి

మా వదినగారు పోయారన్న కబురు మొన్న మంగళవారం పొద్దున్నే వచ్చింది. తెచ్చినవాడు వన్ టౌన్‌లో మా వీధి పచారీ కొట్టాయన. అరుగు పక్కన సైకిలు ఆపి, దిగకుండానే, "భవానీపురంలో పెద్దమ్మగారు పోయారటండీ. నిద్రలోనేనట. ఎంత మంచి మనిషండీ, దేవత" అన్నాడు.

దేవత అన్నచోట నాకు ఒళ్లు మండింది. ఆవిడ ఈ వీధిలో కాపురమున్న రోజుల్లో ఇదే మనిషి, "మీ వదినగారికి కాస్త ఎక్కువేనండీ. కొట్టు ముందునుంచి వెళ్తుంటే నమస్కారం పెట్టాను, మొహం కూడా తిప్పలేదు" అని నా దగ్గరే వాపోయాడు. అప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. మంగళవారం మాత్రం లోపలికి వెళ్లి చొక్కా తొడుక్కున్నాను. చెప్పులు వేసుకుని బయల్దేరాను.

భవానీపురంలో ఆవిడ చుట్టూ కూర్చుని ఏడుస్తున్నవాళ్లలో సగం మంది ఆవిణ్ణి పొగరుబోతు అన్నవాళ్లే. వాళ్లెవరో రాయను, వాళ్లకి తెలుసు. పోయినవాళ్లని పొగడటానికి ఖర్చేమీ ఉండదు. నాకు డెబ్బై దాటాయి, ఇంకెవరి మొహమాటమూ పెట్టుకోదలచుకోలేదు. ఆవిడ గురించి నాకు తెలిసింది తెలిసినట్టు మీకు చెప్తాను.

నా భార్య చిన్నవయసులోనే పోతే, అప్పటినుంచి వదినగారి చేతి అన్నమే తిన్నాను. పుస్తకం ముందు పెట్టుకుని తినే అలవాటు నాది. "ఆ పుస్తకానికి కూడా ఓ ముద్ద కావాలేమో అడుగయ్యా మరిదీ, వడ్డిస్తాను" అనేవారు. నేను తల ఎత్తేవాణ్ణి కాదు. ఎత్తి ఉంటే చాలా ముందే కొన్ని సంగతులు కనపడేవి.

ఆవిడ సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించేవారు. బియ్యంలో నూకంత రాయి ఉన్నా ఏరేసేవారు. వారపత్రికలో చీమల్లాంటి అక్షరాలు మధ్యాహ్నం పూట గడగడా చదివేవారు. అదే మనిషి పక్కన పెట్టిన నీళ్లచెంబుని తన్నేసేవారు. గడప తట్టుకునేవారు. మెట్టు దిగేటప్పుడు కాలు గాలిలో కాసేపు వెతుక్కునేది. ఎండలోంచి సామాన్ల గదిలోకి వెళ్తే తలుపు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడేవారు. పక్కసందులోంచి వచ్చిన రిక్షావాడు "ఏమ్మా, కనపట్లేదా?" అని అరిస్తే, "నీ బెల్లు అమ్ముకున్నావా?" అని తిరగబడేవారు. ఇంట్లో నడిచినప్పుడల్లా ఎడమచెయ్యి గోడకి ఆనేది. వంటచేతి జిడ్డుకి గోడ మీద నడుమెత్తున ఓ చార పడింది. మా అన్నయ్య ఏటా దానికి సున్నం వేయించి, "గోడ నీ పైటకొంగనుకున్నావా?" అని కసిరేవాడు.

కళ్లు చూపించుకోమని మాలో ఒక్కరమూ అనలేదు. సూదిలో దారం ఎక్కించే మనిషికి కళ్లకేమి రోగం? రెండు మూడుసార్లు కళ్లజోళ్ల షాపుకి మాత్రం వెళ్లారు. షాపాయన గోడమీది అక్షరాలు చివరి వరసదాకా చదివించి, "భేషుగ్గా ఉన్నాయమ్మా" అని మెచ్చుకుని, అయినా కొత్త జోడు అంటగట్టాడు.

ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది అన్నయ్య భవానీపురంలో ఇల్లు కట్టాడు. నేను వన్ టౌన్ పాతింట్లోనే ఉండిపోయి, భోజనానికి మాత్రం అక్కడికి వెళ్లేవాణ్ణి. గృహప్రవేశం నాడు దగ్గర చుట్టాల పంక్తికి నెయ్యి తనే వడ్డిస్తానన్నారు వదినగారు. ఇంటి ఇల్లాలిగా అది ఆవిడ ముచ్చట. పంక్తి చివర గోడవారగా మా వియ్యంకుడు, అంటే ఆవిడ కోడలి తండ్రి, కూర్చున్నాడు. గన్నవరం దగ్గర పల్లెలో వ్యవసాయం. ఆయన పక్క విస్తరి నాది. ఆయనంటే నాకు గిట్టదు. పెళ్లిలో నలుగురి మధ్యా, "ఈ బావగారు చదివిన పుస్తకాలన్నీ చేలో వేస్తే ఎరువుకైనా పనికొస్తాయంటారా?" అని అందర్నీ నవ్వించిన మనిషి. ఆ మాట నేను ఏళ్ల తరబడి మోశాను.

వదినగారు వరసగా వడ్డిస్తూ వచ్చి, నా అన్నం మీద నెయ్యి వేసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. అందరూ పప్పన్నం కలుపుకుంటున్నారు. వియ్యంకుడు విస్తట్లో చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాడు. ఒక పంక్తిలో కూర్చోబెట్టి ఒకరికి వేసి ఒకరికి మానడం ఎంత అవమానమో మీకు చెప్పక్కర్లేదు. అందులోనూ పిల్లనిచ్చినవాడికి. చివరికి ఆయన లేచాడు.

కోడలు కూరగిన్నెతో పరుగున వచ్చింది. "నాన్నా, కూర్చో నాన్నా. మర్చిపోయుంటారు."

"పక్కవాడిదాకా గుర్తుండి నా దగ్గర మర్చిపోయారా? ఈ ఇంట్లో నాకు విస్తరి లేదమ్మా" అని ఆయన చెయ్యి కూడా కడుక్కోకుండా బస్సుకి వెళ్లిపోయాడు.

అప్పుడు నాకు కలిగినది సంతోషం. భోజనం ముగించి, త్రేన్చి, వంటింట్లోకి వెళ్లాను.

"భలే చేశారు వదినగారూ! తిక్క కుదిరింది."

"ఎవరికయ్యా? ఏం చేశాను?"

"మన వియ్యంకుడికి. నెయ్యి వెయ్యకుండా తిరిగొచ్చారుగా, దెబ్బకి లేచిపోయాడు."

ఆవిడ నేతిగిన్నె కింద పెట్టారు. "అన్నయ్యగారు ఎక్కడ కూర్చున్నారూ?"

"నా పక్కనే."

"నీ పక్కన గోడే కదయ్యా" అన్నారు వదినగారు.

నేను నవ్వబోయాను. ఆవిడ మొహంలో నెత్తురు లేదు.

కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నీటికాసులన్నాడు, ఇంగ్లీషులో గ్లాకోమా అన్నాడు. "లోపల ఒత్తిడి పెరిగి కంటినరం పాడవుతుందమ్మా. ముందు పక్కచూపు పోతుంది. ఎదుటి చూపు చాలాకాలం నిలుస్తుంది, అందుకే ఇంట్లోవాళ్లకీ తెలియదు, మీకూ తెలియదు. పోయింది మళ్లీ రాదు. ఉన్నదాన్ని కాపాడుకుందాం" అన్నాడు. పోయినచోట చీకటిగా ఉంటుందా అని నేను తర్వాత ఆవిణ్ణి అడిగాను. "చీకటైతే తెలిసేదేగా. అక్కడేమీ లేనట్టుంటుంది, అంతే. మనిషి ఉన్నచోట గోడ ఉంటుంది" అన్నారు.

చుక్కలమందు రోజూ పూటపూటకీ వేసుకోవాలి. వేసుకున్నాక కనుబొమల మీద మేకులు దిగ్గొట్టినట్టుంటుందనేవారు. సాయంత్రం కాస్త మసకపడితే ఇంట్లోనే దారి తప్పేవారు. ఒంటరిగా కూరలకి వెళ్లడం మానేశారు, మ్యాటినీలు మానేశారు. పేరంటాలకి పిలిస్తే ఒంట్లో బాగాలేదని చెప్పించేవారు. పక్కనున్నది చూడాలంటే తల మొత్తం తిప్పాలని డాక్టరు నేర్పాడు. తలెత్తి, మెల్లగా ఆ చివర్నుంచి ఈ చివరికి తిప్పి చూస్తుంటే, "మహారాణీవారు దర్బారు తీర్చారు" అందట ఎదురింటావిడ. అది చెప్పి వదినగారే నవ్వారు. చివరి ఏడాది ఆ ఎదుటి చూపు కూడా పల్చబడి, వారపత్రిక నేను చదివి వినిపించేవాణ్ణి. తప్పు చదివితే దిద్దేవారు.

ఆ మొదటి రోజుల్లో, అసలు సంగతి వియ్యంకుడికి చెప్పేద్దామని నేను ఎన్నోసార్లు అన్నాను.

"వద్దు. గుడ్డిదని తెలిస్తే పాపం పాపం అంటూ చేతిలో గరిట లాక్కుంటారు. పొగరుబోతు దగ్గర ఎవరూ లాక్కోరు."

"పోనీ ఆయన సంగతి వదిలేయండి మరి."

"ఆయన్ని వదిలేస్తానయ్యా. కోడలుపిల్ల నెయ్యి మానేసింది. ఆ రోజునుంచీ విస్తట్లో పొడన్నమే తింటోంది. నాతో బాగానే ఉంటుంది, పన్నెత్తి మాటనదు. కానీ నా ఎదురుగా కూర్చుని పొడన్నం తింటుంది. అది చూడటానికి సరిపడా చూపు నాకింకా ఉంది."

గృహప్రవేశమై ఏడాది తిరిగాక, ఓ రోజు, తనే వెళ్లి వడ్డించి వస్తానన్నారు. అన్నయ్య మండిపడ్డాడు. "మగపిల్లాడి తల్లివి, నువ్వెళ్లి బతిమాలడమేంటి? చుట్టాల్లో తలెత్తుకోగలనా?"

"మీరు ఎత్తుకునే ఉండండి. నేను మరిదిని తీసుకెళ్తా" అన్నారావిడ.

గన్నవరం బస్సులో గుడ్డ కట్టిన నేతిగిన్నె ఒళ్లో పెట్టుకుని, "కళ్ల మాట ఎత్తావంటే రేపట్నుంచి నీకు అన్నం లేదు" అని నన్ను బెదిరించారు. నేను దారిపొడవునా లోపల ఇంకో మాట సిద్ధం చేసుకుంటున్నాను. ఆయన ఏదో ఒకటి అనకపోడు, అన్న మరుక్షణం నేను దులిపేయాలి. చదువుకున్నవాడి మాట ఎలా ఉంటుందో చూపించాలి.

ఆయన వాకిట్లో మంచం మీద ఉన్నాడు. దండెం మీది జరీకండువా భుజాన వేసుకుని లేచాడు గానీ రమ్మనలేదు.

"ఏం పనిమీద వచ్చారు చెల్లెమ్మగారూ?"

"ఆ రోజు మీకు వడ్డించాల్సింది ఉండిపోయింది అన్నయ్యగారూ. వడ్డించి వెళ్తాను."

"ఇప్పటికి గుర్తొచ్చిందా?"

"ఆ రోజే గుర్తొచ్చింది. సిగ్గు చచ్చేసరికి ఇన్నాళ్లు పట్టింది."

ఆయన భార్య గబగబా లోపల చాప వేసి అరిటాకు పరిచింది. "సరే, వడ్డించండి, చూస్తాను" అని మొండిగా వచ్చి కూర్చున్నాడు. బయట ఎండ మండిపోతోంది, లోపల గది మసగ్గా ఉంది. ఆయన భార్య అన్నం, పప్పు వడ్డించి పక్కకి తప్పుకుంది. వదినగారు గోడ తడుముకుంటూ వచ్చి, వంగి, గిన్నె వంచారు.

నెయ్యి ఆకు పక్కన నేలమీద పడింది.

వియ్యంకుడు నోరు తెరిచాడు. వదినగారు చిన్నగా నవ్వుతూ ఆయన మొహంలోకే చూస్తున్నారు, ధార నేలమీద పడుతూనే ఉంది. ఆయన ఆ ధారని చూశాడు, ఆవిడ కళ్లని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. సిద్ధం చేసుకున్న మాటలు నోట్లోనే ఉన్నాయి, వాటి రుచి నాకే అసహ్యంగా ఉంది. ఇన్నేళ్లు ఆవిడ చేతి అన్నం తిని నేను చూడనిది, ఆ మనిషి ఒక్క క్షణంలో చూశాడు. ఆయన ఎడమచేత్తో ఆకు అంచు పట్టుకుని, అన్నం కదలకుండా, చప్పుడు కాకుండా, ధార కిందికి జరుపుకున్నాడు.

"సరిగ్గా పడుతోందా అన్నయ్యగారూ?"

"అన్నం మీదే పడుతోందండీ చెల్లెమ్మగారూ. ఇంకాస్త వెయ్యండి."

నేలమీది నెయ్యి ఆవిడ పాదాల వైపు మెల్లగా పారుతోంది. మా వియ్యంకుడు కుడిచేత్తో పప్పన్నం కలుపుకుంటూనే, భుజంమీది జరీకండువా ఎడమచేత్తో లాగి, ఆవిడ కాలు జారకుండా ఆ నెయ్యికి అడ్డంగా పరిచాడు.