సుద్దగీతకు ఇవతల

మా బావ వెల్డరు. మా వీధిలో సగం ఇళ్ల కిటికీలకు ఊచలు అతికింది ఆయనే. ఇంటి ముందు గదే షాపు, వెనక రెండు గదుల్లో కాపురం. ఆయన అతుకుతాడు, మా అక్క రంగు పూస్తుంది, నేను ట్రాలీ ఆటోలో వేసుకెళ్లి బిగించి వస్తాను. ఇరవై రెండేళ్లు ఇలాగే నడిచింది. బావ ఎవరి మాటా వినే రకం కాదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు గానీ, ఆ మాట అన్నవాడికి గుండెజబ్బు వచ్చి ఉండదు.

పోయిన ఏడాది ఒక గేటు అతుకుతూ అతుకుతూ పక్కకి ఒరిగిపోయాడు. లేపితే లేచి, ఎండదెబ్బ అన్నాడు. బయట వాన పడుతోంది. మూడోసారి పడ్డాక ఆయన మాట వినకుండా ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాను. నాడి నిమిషానికి ముప్పై నాలుగుసార్లే కొడుతోంది.

డాక్టరమ్మ ఓపికగల మనిషి. ఎదురుగా ఉన్నది వెల్డరని తెలిసి ఆయనకు అర్థమయ్యేట్టే చెప్పింది. గుండె పైగదిలో ఒకచోట కరెంటు పుడుతుందట. అది కిందిగదుల దాకా దిగితేనే అవి ముడుచుకుని రక్తాన్ని ఒంటికి పంపుతాయి. బావకు పైన కరెంటు బాగానే పుడుతోంది, దిగే దారి మధ్యలో తెగింది. కిందిగదులు తమంతట తాము ఎలాగో ఈడ్చుకొస్తున్నాయి. అంతా విని బావ, తెగినచోట అతకడానికి వీలు కాదా అని అడిగాడు. నేను నవ్వు ఆపుకున్నాను. ఆవిడ నవ్వలేదు. అతకడం కుదరదనీ, కొత్త తీగ వేయడమొక్కటే దారనీ చెప్పింది.

వేశారు. ఎడమ భుజం కింద, చర్మం లోపల ఒక చిన్న పెట్టె, దాన్నుంచి రక్తనాళంలోంచి గుండెలోకి తీగలు. పేస్‌మేకర్ అంటారు దాన్ని. గుండె కొట్టాల్సిన సమయానికి కొట్టకపోతే అది కాస్త కరెంటు ఇచ్చి కొట్టిస్తుంది. మూడో రోజుకి బావ ముఖంలో కళ వచ్చింది. అసలు సంగతి ఇంటికి పంపేటప్పుడు చెప్పారు. వెల్డింగ్ దగ్గర రేగే కరెంటు అలజడిని ఆ పెట్టె గుండె కొట్టుకోవడమే అనుకుని, తనతో పని లేదని ఊరుకోవచ్చట. జాగ్రత్తలు తీసుకుని పనిచేసుకునేవాళ్లూ ఉన్నారట గానీ, బావ గుండె పూర్తిగా పెట్టె మీదే నడుస్తోంది. కాబట్టి వెల్డింగ్ మానేయాలి, మిషన్ నడిచేటప్పుడు రెండు మీటర్ల లోపలికి రాకూడదు.

ఇంటికొచ్చిన గంటలోనే అక్క టేపు పెట్టి కొలిచి, షాపు నేలమీద సుద్దముక్కతో గీత గీసింది. "ఇది దాటారంటే మిషన్ ఈ ఇంట్లో ఉండదు," అంది.

అతికేటప్పుడు కళ్లకు అడ్డుపెట్టే నల్లద్దం ఇక అక్కే పట్టుకుంది. ఇన్నేళ్లుగా చూస్తున్నదే కదా, వచ్చేస్తుందనుకుంది. మొదట్లో వెల్డింగ్ రాడ్డు ఇనుముకు అంటుకుపోయేది, అతుకు పిట్టగూడులా వచ్చేది. బావ గీతకు ఇవతల స్టూలు వేసుకుని, చెయ్యి వంచు, తొందరపడకు అని గొంతు చించుకునేవాడు. కూర్చోలేనప్పుడు కాలుగాలిన పిల్లిలా గీత పొడవునా తిరిగేవాడు. ఒకరోజు నా ఆటోలో కూర్చుని మనసు విప్పాడు. "కుడితిలో పడ్డ ఎలుకనైపోయానురా. పెట్టె తీసేస్తే గుండె ఆగిపోతుంది. ఉంటే చెయ్యి ఆడదు." నాకు జాలేసింది, అంతే.

ఆరు నెలలకు పరీక్షకి ముగ్గురం వెళ్లాం. టెక్నీషియన్ ఒక పరికరాన్ని బావ భుజం మీద ఆనించి, కంప్యూటర్ చూస్తూ అంతా బాగుందన్నాడు. అంతలోనే ఆగాడు. పోయిన నెల పదకొండో తారీఖు మధ్యాహ్నం మూడూ పదికి, నాలుగు నిమిషాల పాటు, బయటి కరెంటు అలజడి నమోదైందట. ఆ కాసేపట్లో పెట్టె రెండుసార్లు ఊరుకుందట. అప్పుడేం చేస్తున్నారని అడిగాడు.

బావ దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. గుర్తులేదన్నాడు. సొంత గుండే మనిషి మీద చాడీ చెప్పడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ మధ్యాహ్నం అక్కా నేనూ ఒక ఇంటికి కొలతలు తీసుకోవడానికి వెళ్లాం.

"మాస్టారింటికి చేస్తున్న కిటికీ," అంది అక్క. "పై మూల నేను వేసిన అతుకు సరిగ్గా లేదు. తిరిగొచ్చేసరికి నున్నగా ఉంది. అలాంటి అతుకు నాకు రాదు."

తెలిసీ ఎందుకు అడగలేదన్నాడు బావ.

"మీరే చెబుతారని చూశాను."

అప్పుడు ఒప్పుకున్నాడు. కళ్లు బైర్లు కమ్మితే కిటికీ ఊచలు పట్టుకుని కూర్చున్నాడట. అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు ఆయన మీద ఒళ్లు మండింది.

మిషన్ అమ్మే మాట ఎవరూ ఎత్తలేదు, ఇల్లు గడిచేది దానిమీదే. అక్క తడిగుడ్డతో సుద్దగీత తుడిచేసింది. బావ ముఖంలో ఒక్క క్షణం ఆశ కనబడింది. అక్క కిటికీలకు పూసే ఎర్రరంగు డబ్బా తెచ్చి, ఈసారి గుమ్మం దగ్గర గీత వేసింది. స్టూలు మెట్ల మీదకి వచ్చింది.

అక్కణ్నుంచి అతుకు కనబడదు. గోడమీద నీలం వెలుగు, చప్పుడు, అంతే. చెయ్యి కుదిరితే ఆ చప్పుడు నూనెలో ఏదో వేగుతున్నట్టు ఒకే తీరుగా వస్తుంది, తడబడితే తెగిపోతుంది. బావ కళ్లు మూసుకుని విని, రాడ్డు దూరం జరిగిందని బయటినుంచే కేకేసేవాడు. అక్క సరిచేసుకునేది.

మొన్న నేను వెళ్లేసరికి లోపల పెద్ద గేటు పని నడుస్తోంది. ఒక రాడ్డు మొత్తం కాలింది. ఇంకొకటి కాలింది. బావ వింటూనే ఉన్నాడు, ఒక్క కేకా వేయలేదు. చప్పుడు ఆగింది.

"ఏమీ అనరేం? ఎలా ఉంది?" అని లోపలినుంచి అక్క అడిగింది.

బావ ఎడమ భుజం తడుముకున్నాడు.

"అనడానికేం లేదు," అన్నాడు. "బాగా కుదిరింది."

అక్క మళ్లీ రాడ్డు అంటించింది. బావ స్టూలు మీద అలాగే కూర్చున్నాడు, ఇక వినాల్సిన పని లేకపోయినా.