అంచు దాటే దారం

ఆ తివాచీని మొదటిసారి చూసినప్పుడు వరంగల్ జంపఖానా అనుకున్నాను. అనుకుని ఊరుకోక, అమ్ముతున్న అమెరికా ఆవిడ ముందే ఆ మాట పైకి అనేశాను. 2020 వేసవి అది. అబుదాబి ఎమిరేట్ పడమటి కొసన ఉన్న రువైస్ కంపెనీ క్వార్టర్లలో ఇల్లు తరవాత ఇల్లు ఖాళీ అవుతోంది. ఉద్యోగం పోయినవాళ్ళు, విమానం దొరికితే చాలనుకున్నవాళ్ళు గుమ్మాల ముందు సోఫాలూ మిక్సీలూ పెట్టి వచ్చిన కాడికి ఇచ్చేస్తున్నారు. మా వీధి చివరి రిఫైనరీ ఇంజనీరు భార్య మాస్కు పైకి లాక్కుని, "ఇది ఇండియాది కాదు, నవహో వాళ్ళది" అంది. నవహోలు అమెరికా నైరుతి ఎడారుల్లో ఉండే ఆదివాసులనీ, వాళ్ళ ఆడవాళ్ళు నిలువు మగ్గం మీద గొర్రె ఉన్నితో నేస్తారనీ ఆవిడే చెప్పింది. వాళ్ళ మామగారు ఎప్పుడో అక్కడి ఒక కొట్లో కొన్నారట. వెనకవైపు కుట్టిన కాగితం ముక్క మీద ఆ కొట్టు పేరు సగం చెరిగిపోయి ఉంది.

తివాచీ కొని ఇంటికి తెచ్చానే గాని, ఆ ముక్క నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. నా ఉద్యోగం పైపుల వెల్డింగు తనిఖీ. ప్రతి అతుకూ ఎవరు వేశారో, ఏ రోజు వేశారో చెప్పే కాగితం ఉండాలి. అది లేకపోతే నేను సంతకం పెట్టను. అలాంటిది, ఇంత పనితనం ఉన్న వస్తువు మీద చేసిన మనిషి పేరు లేకపోవడం నాకు గిట్టలేదు. కరోనా రోజులు, షిఫ్టు అయితే ఇల్లు, ఇల్లు అయితే షిఫ్టు. హాల్లో కాలుగాలిన పిల్లిలా తిరగడం, తివాచీ తిరగేసి బోర్లా పడుకుని టార్చి వేసి చూడడం. మా ఆవిడ చూసి చూసి, "కింద పరుచుకునే గుడ్డకి జాతకం ఎందుకండీ? మన పెళ్ళికి కూడా మీ వాళ్ళు ఇంతలా చూడలేదు" అంది.

ఒకదానితో ఆగితే నేనెందుకవుతాను. ఏడాది తిరక్కుండా ఇంకో మూడు చేరాయి. అబుదాబి పక్కనున్న ముసఫ్ఫాలో పాత సామాన్ల గోదాములో ఒకటి, ఊరు వదిలిపోయేవాళ్ళ దగ్గర రెండు. మూడూ నవహోవేనని అమ్మినవాళ్ళు ఒట్టేసినంత పని చేశారు. నవహో మగ్గం మీద పడుగంతా ఒకే దారం, కిందికీ పైకీ తిరుగుతూ వస్తుంది. అందుకని కొసల్లో కుచ్చులు ఉండవు. అది తెలిశాక చూస్తే రెండింటికి కుచ్చులు కోసేసి మడిచి కుట్టిన ఆనవాళ్ళు దొరికాయి. అందులో ఒకటి నవహో డిజైను చూసి మన దేశంలోనే నేసిందని తేలింది. అంటే నేను వరంగల్‌ది అనుకున్నది అమెరికాది, అమెరికాది అనుకుని ఎగబడి కొన్నది మనది. మా ఆవిడ రెండు రోజులు నవ్వింది. నాకు మాత్రం మొదటిదాని మీద పంతం ఇంకా పెరిగింది. దాన్ని నేసినావిడ ఎవరో తెలుసుకునేదాకా మిగతావాటి జోలికి పోకూడదనుకున్నాను.

కాగితం మీద మిగిలిన నాలుగక్షరాలు పట్టుకుని ఆ ప్రాంతపు పాత కొట్లన్నిటికీ ఈమెయిళ్ళు పెట్టాను. జవాబు లేదు. సైటు మీద నిచ్చెన ఎక్కుతూ కూడా ఫోను తీసి చూసుకునేవాణ్ణి. ఈలోగా తివాచీకి పురుగు పట్టి, ఒక పక్క రూపాయి బిళ్ళంత చిల్లు పడింది. అది చూశాక అన్నం సయించలేదంటే అబద్ధం కాదు. దుబాయ్ అవతల అజ్మాన్‌లో తివాచీల చిల్లులు కనబడకుండా అల్లేసే తెలుగాయన ఒకడున్నాడని తెలిసి, శుక్రవారం పొద్దున్నే కారు తీశాను. రువైస్ నుంచి నాలుగు గంటల పైమాటే. పైగా ఆ రోజుల్లో తిరిగి అబుదాబిలోకి రావాలంటే ముక్కులో పుల్ల పెట్టించుకున్న రిపోర్టు చూపించాలి. ఒక చిల్లు కోసం అదీ పెట్టించుకున్నాను.

ఆయనది వరంగల్. ఇరవై ఏళ్ళు జంపఖానాలు నేసి, మగ్గం కూడు పెట్టక దుబాయ్ వచ్చిన మనిషి. ఒక తివాచీల దుకాణం వెనక గదిలో కూర్చుని పని చేస్తాడు. నా తివాచీ మీద అరచెయ్యి పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకు రాశాడు. "ఎవరు నేసిన్రో గాని సారూ, చెయ్యి బంగారం. పేక ఎంత గట్టిగ కొట్టిన్రో చూడున్రి" అన్నాడు. ఆ మాటతో నాకు ఆయన మీద గురి కుదిరింది. చిల్లు చూపించి వచ్చేశాను.

రెండు వారాల తరవాత వెళ్తే చిల్లు ఎక్కడుండేదో నాకే దొరకలేదు. ఆయన మొహంలో ఇంకేదో చెప్పాలన్న ఉత్సాహం ఉంది.

"ఇంకో తప్పు గూడ ఉండె సారూ. పై మూలకు, నల్లటి అంచుల నుంచి తేట దారం ఒకటి బయటిదాంక వోయింది. నేసేటామె పరాకుల వేరే దారం ఏసినట్టుంది. తీసేసి నల్లది ఎక్కిచ్చిన. దానికేం ఇయ్యకున్రి, నా తృప్తికి చేసిన."

తప్పు పట్టుకునే మనిషంటే నాకు గౌరవం. నేనూ ఆ గీతను ఎప్పుడో చూశాను, మాసిన మరకనుకుని వదిలేశాను. "నా కన్ను కంటే మీ కన్ను నయం అన్నా" అని మెచ్చుకుని, ఇద్దరం బిర్యానీ తిని, హాయిగా ఇంటికొచ్చాను.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. కొట్ల వాళ్ళలో ఒకాయన నా ఫొటోలను తనకు తెలిసిన నేతపని ఆవిడకి పంపాడట. ఆవిడే నాకు రాసింది. "ఇది మా అమ్మమ్మ నేసినదానిలా ఉంది. ఆమె నేసినవన్నీ పిండికీ గుడ్డకీ బదులుగా కొట్టుకే వెళ్ళిపోయాయి. మా ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. ఖాయంగా చెప్పాలంటే ఒకటి చూడాలి. చుట్టూ అంచు వేసి నేసినప్పుడు లోపలి నుంచి బయటికి సన్నటి దారి ఒకటి వదులుతాం. నేసినన్నాళ్ళూ నేసేదాని మనసు అందులోనే ఉంటుంది కదా, దారి వదలకపోతే లోపలే ఉండిపోతుందని మా ఇంట్లో అనేవారు. వేరే ఇళ్ళల్లో వేరేగా చెబుతారు. మా అమ్మమ్మ ఆ దారిని బూడిదరంగు పోగూ గోధుమరంగు పోగూ కలిపి పేనిన దారంతో వేసేది. అలా ఇంకెవరూ వెయ్యగా నేను చూడలేదు. పై మూల దగ్గరగా ఫొటో తీసి పంపగలరా?"

చదివి లేచాను. కూర్చున్నాను. మళ్ళీ లేచాను. నా దగ్గర ఆ తివాచీకి లెక్కలేనన్ని ఫొటోలున్నాయి. కాగితం ముక్క, చిల్లు, వెనకవైపు, పడుగు, ఎండలో, నీడలో. ఆ మూల పడిన ఫొటో ఒకే ఒక్కటి. అందులో మూల మీద నా చెప్పు ఉంది. నేను చదివిన వ్యాసాల్లో ఆ దారి సంగతి ఉండే ఉంటుంది, రంగులూ సంవత్సరాలూ వెతుక్కునే తొందరలో దాటేసి ఉంటాను. నా మీద నాకే అసహ్యం వేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అజ్మాన్‌కి ఫోన్ చేశాను.

"అన్నా, మూల దగ్గర తీసిన దారం ఉందా?"

"అది ఆ దినమే ఊడ్చేసినం సారూ. ఏమైంది?"

"దాని రంగు గుర్తుందా? ఒక పోగా, రెండు పోగులు పేనిందా?"

"తేటగ ఉండె. అంతకంటే చెప్తే అబద్ధమైతది."

ఆవిడ రాసిందంతా చెప్పాను. అవతల దుకాణంలో ఎవరో హిందీలో బేరమాడుతున్నారు.

"మా దిక్కు గట్ల ఒక్క పోగు తప్పితే మాస్టర్ వీవర్ మొత్తం ఇప్పిచ్చి మళ్ల నేయిచ్చెటోడు" అన్నాడు. "గీళ్ళు కావాల్నని పెట్టుకున్నరా?"

"అవునంట."

"మంచి చెయ్యబోయి ఆ తల్లిని లోపల వెట్టి గొళ్ళెమేసిన గద సారూ."

నా తప్పే అన్నాను, చెప్పాల్సిన మాట చెప్పకుండా తివాచీ అప్పజెప్పింది నేనే అన్నాను. ఆ వెంటనే, ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, ఇంకో మాట అడిగాను. బూడిదరంగుదీ గోధుమరంగుదీ ఉన్ని తెచ్చిస్తే, రెండూ పేని అదే చోట వేయగలరా అని.

"ఏస్త. ఎవ్వలు గుర్తువట్టరు. గాని అది నాదైతది, ఆమెది గాదు."

అంతకంటే ఏమంటాడు. నేనే ఫోను పెట్టేశాను. అంత దూరాన ఒక మనిషి అమ్మమ్మ కోసం అడుగుతోంది, నేను దొంగ సర్టిఫికెట్ తయారు చేసే ఆలోచనలో ఉన్నాను. సైటులో అలాంటి పని చేసినవాణ్ణి గేటు బయటికి పంపించిన ముదీర్ల, అంటే మేనేజర్ల, పక్కన నిలబడి తలూపినవాణ్ణి నేను.

జరిగింది జరిగినట్టు ఆవిడకి రాశాను. ఆయన మంచి నేతగాడనీ, మేలనుకునే చేశాడనీ కూడా రాశాను. ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఏసీ చప్పుడుకి లేస్తాను, ఫోను చూస్తాను. తివాచీని హాల్లోంచి తీసి మంచం కింద పెట్టాను, అక్కడా ఉంచలేక మళ్ళీ హాల్లో పరిచాను. దాని మీద అడుగు వేయడానికి మనసొప్పక గోడవారగా నడిచేవాణ్ణి. "ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేదండీ, మీరు ఒకచోట కూర్చునేవారు" అంది మా ఆవిడ. ఈసారి నవ్వలేదు.

పదో రోజున జవాబు వచ్చింది. పొట్టి ఉత్తరం. "అది మా అమ్మమ్మదో కాదో ఇక నాకు తెలిసే వీలు లేదు. మీకూ లేదు. ఎవరి అమ్మమ్మైనా సరే, ముందు ఆ దారి తెరవండి. ఫొటో అక్కర్లేదు."

ఆ శుక్రవారం మళ్ళీ అజ్మాన్ వెళ్ళాను. ఆయన షట్టరు సగం దించి, తివాచీని నేల మీద పరిచి, పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తన అల్లిక తనకే దొరకలేదు, అంత బాగా చేశాడు మరి. వేళ్ళతో తడిమి తడిమి పట్టుకుని, సూది మొనతో నల్ల పోగులు ఒక్కొక్కటే లాగాడు. రెండు గంటలు పట్టింది. నల్లటి అంచులో సన్నటి సందు తెరుచుకుని, లోపల ఉత్త పడుగు బయటపడింది. "ఏమన్న ఏయాల్నా?" అన్నాడు. వద్దన్నాను.

ఆఖరి పోగు తీసి పక్కన పెట్టాక ఆయన లేవలేదు. ఆ సందు వైపు చూస్తూ, పక్కనున్న మనిషితో చెప్పినట్టు మెల్లగా, "ఇగ పో అవ్వా" అన్నాడు.

ఆ మూలకి ఎదురుగా కూర్చున్నది నేనే. లేచి పక్కకు జరిగి నిలబడ్డాను.